రెండు గ్రాముల చుంచు

నిన్న పొద్దున ఇంటి ఓనరమ్మ గారి పిల్లి మా గుమ్మం ముందు ఏదో వదిలేసి వెళ్లింది. మేముండేది ఇటలీలో, పీసా ఊరి చివర, ఆలివ్ తోటల పక్కన. రాలిన ఆకేమో అనుకున్నాను. వంగి చూస్తే సన్నటి తోక కనిపించింది.

ఎట్రస్కన్ ష్రూ! చుంచుల్లో బుల్లి రకం. ఇక్కడివాళ్లు ముస్తియోలో అంటారు. పీసా శాస్త్రవేత్త పావ్లో సావి 1822లో దీని గురించి మొదట రాశాడని చదివినప్పటి నుంచి ఒక్కసారైనా చూడాలని నా కోరిక. ఇలా చూస్తాననుకోలేదు.

గ్లవ్స్ వేసుకుని, కాఫీ పొడి తూచుకునే కాటా మీద కాగితం పరిచి పెట్టాను. 1.9 గ్రాములు. కాటా సరిగ్గా ఉందో లేదోనని ఒక సెంటు నాణెం పెడితే 2.3 చూపించింది. నాణెమే బరువు!

వెంటనే తెనాలికి వీడియో కాల్ చేశాను. "ఏంటే అది, చుంచుపిల్లా?" అంది అమ్మ. పిల్ల కాదమ్మా, పెద్దదే, మన చుంచెలుకకి దగ్గరి చుట్టం అన్నాను. ఫోన్ దగ్గరగా పెట్టి చూపించాను. అదే మూతి, నోరు దాటి ముందుకు సాగిన ముక్కు. దాని రెండు పక్కలా ఒత్తుగా మీసాలు. కళ్లు ఆవగింజలో సగం కూడా లేవు, చీకట్లో మిడతల్ని పట్టేది ఆ మీసాలతో తడిమే. చెవులు మాత్రం ఆ ఒంటికి పెద్దవే. వీపు బూడిద కలిసిన గోధుమరంగు, పొట్ట లేత రంగు. తోక మీద పొట్టి నూగు మధ్య అక్కడక్కడా పొడుగాటి వెంట్రుకలు నిక్కి ఉన్నాయి. భూతద్దంలో చూస్తే పళ్లు తెల్లగా, సూదుల్లా ఉన్నాయి. ఎలుకకుండే ఉలి పళ్లు కావు. పేరులో ఎలుక ఉన్నా మన చుంచూ, ఇదీ అసలు ఎలుక జాతే కాదు.

ఇంత చిన్న ఒంట్లో వేడి నిలవదు. అందుకే రోజూ తన బరువుకి దాదాపు రెట్టింపు తినాలి. గుండె నిమిషానికి 1,500 సార్లు దాకా కొట్టుకోగలదు. నా వేలి మీద పట్టే ఆ ఛాతీలో అంత పరుగు ఉండేదంటే కళ్లు చెమర్చాయి.

"మరి పిల్లి తినలేదేం?" అంది అమ్మ. కాస్త దగ్గరగా వాసన చూశాను. మన వంటింట్లో బియ్యం డబ్బా వెనక వచ్చే చుంచు వాసనే, బాగా పలచగా.

అగ్గిపెట్టె ఖాళీ చేసి అందులో పడుకోబెట్టాను. ఒళ్లు సరిగ్గా సరిపోయింది, తోక మాత్రం మడవాల్సి వచ్చింది.