మాండలిన్‌లో బ్రిడ్జి వెనక మోత: నేను అణిచిన తీరు

మాండలిన్ మీద ఒక కార్డును (కలిపి మోగించే స్వరాల గుంపును) గట్టిగా మీటి, వెంటనే అరచెయ్యి పరిచి తీగలన్నీ ఆపేయండి. ఆ తర్వాత కూడా సన్నగా ఖంగుమని ఏదో మోగుతూ ఉంటే అది మీరు మీటిన స్వరం కాదు. తీగలను ఎత్తి నిలిపే బ్రిడ్జికీ, వాటి కింది కొసలు తగిలించే టెయిల్‌పీస్‌కీ మధ్య మిగిలిన తీగది కావచ్చు, మెడ పైచివర తీగలు ఆనే నట్ దాటి శ్రుతి చేసే కీల దాకా వెళ్లే తీగది కావచ్చు. ఏదో తేల్చుకోవాలంటే ఒకసారి బ్రిడ్జి వెనక వేలు ఆనించి, ఇంకోసారి నట్ అవతల ఆనించి ఇలాగే మీటి చూడాలి. నా ఎఫ్-రకం (ఒంటి మీద చుట్ట ఒంపున్న) మాండలిన్‌లో గోల ఎక్కువగా బ్రిడ్జి వెనకే.

అది చెవికి ఎందుకు గుచ్చుకుంటుందో లెక్క వేస్తే తెలిసింది. నట్ నుంచి బ్రిడ్జికి 352 మి.మీ., బ్రిడ్జి వెనక 95 మి.మీ. తీగ బిగువు రెండు వైపులా దాదాపు ఒకటే కాబట్టి వెనక ముక్క సుమారు 3.7 రెట్ల పౌనఃపున్యంతో మోగుతుంది. జి తీగ 196 హెర్ట్జ్ అయితే దాని వెనక ముక్క 726 దగ్గర పలుకుతుంది. రెండు స్థాయిలు పైనున్న జి 784. అంటే అర్ధస్వరం కంటే కూడా ఎక్కువే తగ్గింది. మాండలిన్‌కు ఒకే శ్రుతిలో ఉండే రెండేసి తీగల జతలు నాలుగు: జి, డి, ఎ, ఇ. మిగతా మూడు జతలదీ ఇదే వరస. అన్నీ కలిసి ప్రతి కార్డు మీదా అపశ్రుతి పొరలా కప్పేస్తాయి.

దీనికి నేను వాడింది మెత్తని తోలు: మందం 1.5 నుంచి 2 మి.మీ., వెడల్పు 10, పొడవు 60. తీగలు కొద్దిగా వదులు చేసి జి జత మీదుగా, డి కింద నుంచి, ఎ మీదుగా, ఇ కింద నుంచి అల్లాను. అన్ని తీగలూ ఒకేసారి పూర్తిగా విప్పకూడదు. బ్రిడ్జిని పట్టి ఉంచేది తీగల బిగువే, అది పోతే బ్రిడ్జి జరిగిపోతుంది.

ఎక్కడ అల్లాలన్నదే అసలు విషయం. తోలు బ్రిడ్జికి ఆనుకుంటే బ్రిడ్జి కదలికనే పట్టేస్తుంది, అసలు నాదమే మందగిస్తుంది. సరిగ్గా మధ్యలో పెడితే మూల కంపనం ఆగుతుంది గానీ, దానికి రెట్టింపు కంపనానికి ఆ చోట కదలికే ఉండదు, కాబట్టి అది తప్పించుకుంటుంది. టెయిల్‌పీస్ నుంచి 40 మి.మీ. దగ్గర పెడితే రెండూ ఆగాయి.

సన్నని ఇ తీగలను మాత్రం తోలు సరిగా పట్టదు. ఆ జత మధ్యలో ఎలక్ట్రికల్ షాపులో దొరికే అతి చిన్న రబ్బరు గ్రోమెట్ (అంచు చుట్టూ గాడి ఉన్న ఉంగరం) ఇరికిస్తే చాలు. రెండు తీగలూ దాని గాడిలో కూర్చుంటాయి. రబ్బరును చెక్కకు మాత్రం తగలనివ్వకండి, నైట్రో లాకర్ (నైట్రోసెల్యులోజ్ వార్నిష్) పూత మీద మచ్చ పడుతుంది.

నట్ అవతల డి, ఎ తీగలు దూరపు కీలకు వెళ్తాయి కాబట్టి అక్కడ పొడుగ్గా ఉండి మోగేవి అవే. సన్నని ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని గుడ్డ) పట్టీ ఒకటి వాటి మధ్య అల్లితే సరిపోతుంది. టెయిల్‌పీస్ మూత జరజరమంటుంటే దాని లోపల కూడా ఫెల్ట్ ముక్క అంటించాలి. అది తీగ మోత కాదు, రేకు అదురు. దానికి ఎంత తోలు అల్లినా లాభం లేదు.

పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ గారి బాణీలో ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించేవారికి ఇబ్బంది ఎక్కువగా వేరే చోట: మీటని తీగలు శ్రుతి కలిసి వాటంతటవే పలికి, పికప్ (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం) ద్వారా పెద్దగా వినిపిస్తాయి. దానికి తోలూ రబ్బరూ మందు కాదు. ఎడమ చేతి ఖాళీ వేళ్లనూ, కుడి అరచేతి అంచునూ ఆ తీగల మీద తేలిగ్గా ఆనించి ఉంచడమే మార్గం.

అల్లిక పూర్తయ్యాక మళ్లీ శ్రుతి చేసుకోండి. తోలు తోపిడికి బిగువు కొంచెం మారుతుంది. ఆపైన 12వ మెట్టు దగ్గర నొక్కి పలికించిన స్వరాన్ని, అక్కడే వేలు తాకించి తెచ్చిన హార్మోనిక్‌తో పోల్చి చూడండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జిని టెయిల్‌పీస్ వైపు, తగ్గుగా ఉంటే నట్ వైపు వెంట్రుకవాసి జరపాలి.