32 పేజీలకు నాలుగేళ్లు

పిల్లల పుస్తకాలు వేసే ఓ ప్రచురణ సంస్థ నుంచి ఆ ఈమెయిల్ ఆడిట్ వారంలో వచ్చింది. లెక్కలు కలవక టేబుల్ నిండా ఓచర్లు పరుచుకుని కూర్చున్నాను. "మీ కథ మాకు నచ్చింది, అయితే కొన్ని మార్పులు కావాలి" అని ఉంది. చదివి, ఫోన్ బోర్లా పెట్టేసి మళ్లీ ఓచర్లలో పడ్డాను. సంతోషపడడానికి సాయంత్రం దాకా తీరిక దొరకలేదు.

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. నెలాఖరు వారంలో కథ ఊసే ఉండదు. మిగతా రోజుల్లో పొద్దున్నే లేచి ఓ గంట రాసుకుంటాను. మొదట రాత్రిళ్లు ప్రయత్నించాను కానీ, రోజంతా అంకెలు చూసిన కళ్లకు అక్షరాలు ఆనేవి కావు. గంట తక్కువే. కాకపోతే నేను పోగొట్టుకున్న కాలమంతా తీరిక లేక పోయింది కాదు, పిల్లల పుస్తకం ఎలా తయారవుతుందో తెలియక పోయింది.

కథ జత తప్పిపోయిన ఓ ఎర్ర చెప్పుది. "దేని మీద రాస్తున్నావో చెప్పు" అని ఆఫీసులో ఒకావిడ అడిగితే "చెప్పు మీదే" అన్నాను. ఆవిడ చాలాసేపు ఎదురుచూసింది.

మొదటి ప్రతి 2,400 పదాలు వచ్చింది. ఘనంగా ఉందనుకున్నాను. తెలిసిన అబ్బాయికి డబ్బులిచ్చి నాలుగు బొమ్మలు కూడా వేయించి, కనిపించిన ప్రచురణ సంస్థలన్నింటికీ పంపాను. అందులో ఒకరు పాఠ్యపుస్తకాలు తప్ప వేరే ఏవీ వెయ్యరట, నేను చూసుకోలేదు. రెండుచోట్ల నుంచి మర్యాదగా "మా ప్రణాళికకు సరిపోవడం లేదు" అని వచ్చింది. ఒకరు మాత్రం వారంలోనే "మీ కథ ఎంపికైంది, అచ్చు ఖర్చులో సగం మీరు భరించాలి" అన్నారు. ఎంపికైంది అన్న మాటకి రెండు రోజులు గాల్లో తేలాను. తర్వాత నాలోని గుమాస్తా మేలుకుంది. అమ్మినా అమ్మకపోయినా వాళ్లకి నష్టం రాని వ్యాపారం అది. సొంత ఖర్చుతో వేసుకోవడం తప్పేం కాదు, కానీ దాన్ని ఎంపిక అనకూడదు. బొమ్మల డబ్బు కూడా వృథానే. మామూలుగా చిత్రకారుల్ని ప్రచురణకర్తే ఎంచుకుంటారు, రచయిత కథ ఒక్కటే పంపితే చాలు. ఈ సంగతి అప్పటికి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

అసలు దెబ్బ ఇంట్లోనే తగిలింది. మా అక్క కొడుక్కి అప్పుడు ఆరేళ్లు. వాడికి చదివి వినిపిస్తుంటే మూడో పేరాకల్లా మంచం కిందకి దూరాడు. అక్కణ్నుంచే "పిన్నీ, చెప్పు నడుస్తుందా, ఎవరైనా తొడుక్కుంటేనే కదా నడిచేది?" అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపు వాడికి వేరే ఆట దొరికింది.

ఆ తర్వాత ఏడాది దాదాపు ఏమీ రాయలేదు. బొమ్మల పుస్తకాలు తెచ్చుకుని పేజీలూ పదాలూ లెక్కపెట్టాను, అలవాటైన పనే కాబట్టి. చాలావాటికి 32 పేజీలున్నాయి, కొన్నిటికి 24, మరికొన్నిటికి 16. అచ్చుపనిలో ఉన్న ఒకాయన్ని అడిగితే అర్థమైంది. పెద్ద కాగితానికి ఒక్కోవైపు ఎనిమిదేసి పేజీలు అచ్చువేసి మడిస్తే 16 పేజీల ఫారం అవుతుంది. రెండు ఫారాలు కలిస్తే 32. అందులో పుస్తకం పేరు వేసే లోపలి పేజీకీ, కాపీరైటు వివరాలకీ కొన్ని పోతాయి. కథకి మిగిలేవి పక్కపక్కనే తెరుచుకునే పేజీల జంటలు, ఓ పన్నెండో పద్నాలుగో. నా 2,400 పదాలు అందులో ఎక్కడ పడతాయి?

ఎనిమిది తెల్ల కాగితాలు మధ్యకి మడిచి, దారంతో కుట్టి 32 పేజీల నమూనా పుస్తకం చేసుకున్నాను. కథని కత్తిరించి పేజీల్లో అంటించాను. పేజీ తిప్పడం కూడా కథలో భాగమని అప్పుడే తెలిసింది. "తలుపు వెనకాల ఏముందంటే..." అన్నది కుడిచేతి పేజీ చివర ఉండాలి. ఉన్నదేమిటో పేజీ తిప్పాకే కనబడాలి. నేను రెండూ ఎదురెదురుగా పెట్టాను. బొమ్మ ముందే దొరికిపోయాక ఏ పిల్లవాడు వింటాడు!

కొట్టివేతలు అక్కణ్నుంచి మొదలయ్యాయి. "ఎర్ర చెప్పు గుమ్మం పక్కన ఒంటరిగా, దిగులుగా కూర్చుంది" అని నాకెంతో ఇష్టమైన వాక్యం ఒకటుండేది. ఎరుపు, గుమ్మం, ఒంటరితనం, దిగులు అన్నీ బొమ్మలో కనిపించేవే. చివరికి ఆ పేజీలో మిగిలింది "రెండోది ఏది?" అన్న ప్రశ్న. "అన్వేషించింది" పోయి "వెతికింది" వచ్చింది. కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్లు ఒత్తుల దగ్గర ఆగిపోతారని, వీలైన చోటల్లా ఒత్తుల్లేని మాటలు పెట్టాను. కథానాయికే ఒత్తు మాట అయింది, దానికేం చెయ్యలేం. ప్రతి వాక్యం పైకి చదివి, ఊపిరి అందని చోట విరిచాను. 430 పదాలకు దిగేసరికి ఇంకో ఆర్నెల్లు.

ఈసారి పంపేటప్పుడు ఎక్సెల్‌లో పట్టిక పెట్టుకున్నాను. ఎవరు ఏ వయసు పిల్లలకి వేస్తారు, కథ ఎలా పంపమన్నారు, ఒకే కథ ఇంకొకరికి పంపితే ఒప్పుకుంటారా, జవాబుకి ఎన్ని నెలలు ఆగమన్నారు, ఇలా. పదకొండు చోట్లకి పంపాను. ఏడుగురు కాదన్నారు, ముగ్గురు పలకలేదు. మిగిలిన ఒకరిదే ఆ ఈమెయిల్.

వాళ్లు అడిగిన మార్పుల్లో పెద్దది ముగింపు. నా కథలో పాప వెతుకుతున్న రెండో చెప్పు వాళ్ల అమ్మమ్మకి దొరుకుతుంది. "పెద్దవాళ్లు వచ్చి చక్కబెడితే పిల్లకి ఏం పని మిగిలింది?" అని రాశారు ఎడిటర్. వారం రోజులు ఉడుక్కున్నాను. ఆ కథలో నాకు బాగా నచ్చిన మనిషే అమ్మమ్మ. తీరా తీసేసి చూస్తే పాప తనంతట తను తలుపు తెరవాల్సి వచ్చింది, కథలోకి బలం వచ్చింది. ఎడిటర్‌కి ఆ మాట చెప్పలేదు, మార్చి పంపానంతే.

ఒప్పందం దగ్గర మాత్రం నేను తడబడలేదు. రాయల్టీ, అంటే అమ్ముడైన ప్రతుల మీద నాకు వచ్చే వాటా, అట్ట మీది ధర మీద లెక్కిస్తారా, కమీషన్లు పోగా వాళ్లకి వచ్చే సొమ్ము మీదా అని అడిగాను. ఆ రెండింటికీ చాలా తేడా. బొమ్మల పుస్తకం కాబట్టి అందులో చిత్రకారిణికీ వాటా ఉంటుంది. అడ్వాన్సు అదనపు డబ్బు కాదు, రాబోయే రాయల్టీలోంచి మినహాయించుకునేది. "అన్ని హక్కులూ శాశ్వతంగా" అన్న మాట తీయించి, కాపీరైటు నా పేరున ఉంచుకుని, ఇన్నేళ్లకని రాయించాను. అనువాదానికీ ఆడియోకీ విడిగా, ప్రతులు అయిపోయి మళ్లీ వెయ్యకపోతే హక్కులు వెనక్కి వచ్చేలా.

ఆఫీసుదీ ఒక మెలిక ఉంది. మా నియామక పత్రంలో, అనుమతి లేకుండా బయట సంపాదన కూడదని ఒక నిబంధన. రాసి అడిగితే రెండు వారాలకు సరేనన్నారు. ఆ రెండు వారాల టెన్షన్ నాలుగేళ్లలో ఎప్పుడూ పడలేదు.

తర్వాత ఏడాదికి పైగా బొమ్మల పనే. చిత్రకారిణిని నేను ఒక్కసారీ కలవలేదు. పెన్సిల్ స్కెచ్‌లు వచ్చినప్పుడు చూస్తే, నా కథలో లేని ఓ కుక్కపిల్ల మొదటి పేజీ నుంచీ చెప్పు పట్టుకుని తిరుగుతోంది! పాపకి కనబడదు, చదివే పిల్లలకి కనబడుతుంది. ఇంకో రెండు వాక్యాలు నేనే తీసేశాను. అచ్చుకి ముందు సరిచూసుకునే ఆఖరి ప్రూఫులో ఒకచోట "చెప్పు"కి ఒత్తు ఎగిరిపోయి "చెపు" అని ఉంది. నాలుగోసారి చదివినప్పుడు గానీ పట్టుకోలేకపోయాను.

పుస్తకం చేతికొచ్చేసరికి మా అక్క కొడుక్కి పదేళ్లు. అటూ ఇటూ తిప్పి, "చిన్నపిల్లలది" అని పక్కన పెట్టేశాడు. కాసేపటికి వాడే తీసి చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. 15వ పేజీకి వచ్చాడు. "తలుపు వెనకాల ఏముందంటే..." అని వాడింకా సాగదీస్తూనే ఉన్నాడు, ఆ పిల్ల వాడి చెయ్యి తోసేసి పేజీ తిప్పేసింది.