తిరుపతిలో పాదచారుల సర్వే: నా అనుభవం

మా విద్యార్థి బృందం తయారుచేసిన పాదచారుల నివేదికను తమ రోడ్డు ప్రతిపాదనలో చేర్చుకుంటున్నామని రోడ్డు పనులు చూసే కార్యాలయం నుంచి నిన్న లేఖ అందింది. మా తర్వాత ఇలాంటి పనికి వెళ్లే జూనియర్ల కోసం, జరిగినదంతా మనసులో పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

సివిల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మేము రైల్వే స్టేషన్ నుంచి ఆర్టీసీ బస్టాండు వరకు ఉన్న రద్దీని లెక్కించాం. గైడు సంతకం, విభాగాధిపతి లేఖ ఒక్క పూటలో వచ్చాయి. అర్జీని ఆ కార్యాలయంలో ఉత్తరాలు తీసుకునే టపాల్ సెక్షన్‌లో ఇచ్చేటప్పుడు మాత్రం నకలు మీద ముద్ర, అందినట్టు వేసే ఇన్‌వర్డు నంబరు వేయించుకోనిదే అక్కడి నుంచి కదలకండి. "పెట్టిపోండమ్మా, పైకి పంపిస్తాం" అన్న మాటను నమ్మితే, ఆ తర్వాత ఆ కాగితం ఎవరి బల్ల మీదా కనిపించదు.

సర్వే కష్టమనిపించలేదు. అసలు చిక్కు ఆ కార్యాలయం ఇచ్చిన ఫారంలో ఉంది. అందులో అన్ని రకాల బండ్లకూ గడులున్నాయి, నడిచేవాళ్లకు లేదు. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) బండ్ల రద్దీని కొలవడానికి 1990లో ఇచ్చిన పట్టిక ప్రకారం కారు 1 యూనిట్ అయితే, బస్సు రద్దీలో తన వాటాను బట్టి 2.2 నుంచి 3.7 యూనిట్ల వరకు లెక్కకు వస్తుంది. అంటే లెక్క బండికే గానీ లోపలి మనుషులకు కాదు; బస్సులో ఒక్కరున్నా, యాభై మంది ఉన్నా అది మారదు. రైలు దిగి టీటీడీ వసతి గృహాలైన విష్ణునివాసానికో, బస్టాండు ఎదుట ఉన్న శ్రీనివాసానికో నడిచివెళ్లే భక్తులు ఆ లెక్కలోకే రారు. గుండుకు గంధం పూసిన పిల్లవాణ్ణి చంకన వేసుకుని, రెండో చేత్తో సూట్‌కేసు లాక్కుంటూ వస్తున్న ఒక తల్లి, ఫుట్‌పాత్ మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె అడ్డురాగానే, ఎదురుగా వస్తున్న ఆటోల మధ్యకు దిగడం నా కళ్లతో చూశాను. అందుకే ఫారం పక్కన మరో కాగితం జతచేసి నడిచేవాళ్లనూ లెక్కించాం.

నివేదిక సమర్పించిన రోజే మాకు అవమానం జరిగింది. కాంట్రాక్టర్లు కూడా ఉన్న సమావేశంలో మమ్మల్ని చాలాసేపు గోడ పక్కన నిలబెట్టారు. నేను పాదచారుల పేజీకి రాగానే ఒక పెద్ద అధికారి ఆపి, "ఏమ్మా, నడిచిపోయేవాళ్లకు గూడా ఇంజినీర్లు కావల్లనా? బండ్ల లెక్క తెమ్మంటే మనుషుల లెక్క తెచ్చినారే! మార్కులు పడాలంటే ఇట్లాంటివి మీ కాలేజీలో చూపించుకోండి" అన్నారు. గది అంతా నవ్వింది. మా స్నేహితురాలు కళ్లనీళ్లు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయింది. నాకు గొంతు పూడుకుపోయినా అక్కడే నిలబడి, పాదచారుల సౌకర్యాల కోసం ఉన్న ఐఆర్‌సీ 103 ప్రమాణం ఫుట్‌పాత్‌కు ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలంటుందనీ, మేము టేపుతో కొలిచిన ఆ చోట మీటరు కూడా లేదనీ చెప్పాను. ఆ మాట చెప్పగలిగినందుకు ఇవాళ్టికీ గర్వపడుతున్నాను. అప్పుడు ఆయన పూల బుట్టల వాళ్లను లేపేస్తే వెడల్పు అదే వస్తుందన్నారు. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని బదులిచ్చాను. మూలన కూర్చున్న ఒక పెద్ద వయసు సర్వేయరు లేచి, "సార్, కోడ్‌లో ఉండేదే ఆ పాప చెప్తాండేది" అన్నారు. ఆ గదిలో మా పక్షాన మాట్లాడింది ఆయనొక్కరే. అధికారి ఏమీ అనకుండా తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

చదువుకునే పిల్లలు తమ రోడ్లను తామే కొలిచి తెచ్చిస్తే, నచ్చకపోతే తప్పెక్కడుందో చూపాలి గానీ నలుగురిలో నవ్వడం పెద్దరికం కాదు. జూనియర్లకు నేను చెప్పేదొకటే: నోటిమాటతో వాదన ముగించకండి. మేము ఆ రాత్రే కొలతలు, ఫొటోలు, ప్రమాణంలోని నిబంధనలు వరుసగా పెట్టి, ఆ పేజీలను తొలగించాలంటే కారణం రాతపూర్వకంగా తెలపాలని కోరుతూ మళ్లీ అర్జీ ఇచ్చాం. దానికి జవాబుగానే నిన్నటి లేఖ వచ్చింది. అందులో ఫుట్‌పాత్ డ్రాయింగులు అడిగారు. ట్రాన్స్‌ఫార్మర్‌ను జరపడానికి విద్యుత్ శాఖకు వేరే అర్జీ పెట్టుకోమన్నారు. డ్రాయింగులు మేమే ఇచ్చి వెళ్తాం, ఆ అర్జీ వెంట తిరగడానికి మాత్రం మూడో సంవత్సరం వాళ్లు ముందుకు రావాలి.