చీకట్లో మూడు లాంతర్ల నుంచి కోట దాకా

నిన్న రాత్రి విజయనగరంలో దిగేసరికి కరెంట్ లేదు, ఫోన్లో చార్జింగ్ కూడా అయిపోయింది, ఆరేళ్ల తర్వాత వచ్చాను కదా దారి మర్చిపోయుంటానేమో అని భయమేసింది, కానీ మూడు లాంతర్ల సెంటర్ దగ్గర పైడితల్లమ్మకి దండం పెట్టుకుని కోట వైపు నడుస్తుంటే కాళ్లు వాటంతటవే తిరిగిపోయాయి. అమ్మ అయితే "ఏటమ్మా, ఇంత చీకట్లో ఒక్కర్తివే వచ్చీసేవా" అని ఒకటే కంగారు.

పడుకున్నాక కూడా అదే ఆలోచన, చీకట్లో దారి ఎలా తెలిసిందా అని. మెదడులో హిప్పోక్యాంపస్ అని ఉంటుంది కదా, అక్కడి కొన్ని కణాలకి ఒక్కోదానికీ ఒక్కో చోటు సొంతమని 1971లో జాన్ ఓకీఫ్ ఎలుకల్లో చూపించాడు, ఎలుక ఆ చోటుకి రాగానే ఆ కణం టపటపా కొట్టుకుంటుంది, అంటే సిగ్నల్స్ ఇస్తుంది, దాటితే సైలెంట్. 2014లో మోసర్ దంపతులతో పాటు అతనికి నోబెల్ కూడా వచ్చింది.

నాకు మాత్రం 1993లో ఓకీఫ్, మైకేల్ రెక్కే అనే ఇంకొకాయన కలిసి చెప్పిన సంగతి ఇంకా ఇష్టం. ఎన్నిసార్లు కొట్టుకుందనేదే కాదు, ఎప్పుడు కొట్టుకుందనేది కూడా లెక్కే. ఎలుక నడిచేటప్పుడు అక్కడ సెకనుకి దాదాపు 8 సార్లు తీటా అనే విద్యుత్ అల లేచి పడుతుంటుంది, కణానికి సొంతమైన చోట్లోకి అడుగుపెట్టినప్పుడు దాని సిగ్నల్ అల చివర్లో వస్తుంది, లోపలికి పోయేకొద్దీ ప్రతి అలకీ ఇంకాస్త ముందే వచ్చేస్తుంది, డప్పుల మేళంలో ఒకరు ప్రతి దరువుకీ కొంచెం కొంచెం ముందు కొట్టినట్టు. ఎంత ముందుకి జరిగిందో చూస్తే ఆ చోట్లో ఎంత దూరం వచ్చిందో తెలిసిపోతుంది!! ఎంత అందమైన ఏర్పాటో.

పొద్దున్నే మళ్లీ అదే దారిలో నడిచా. పైడితల్లమ్మ పండక్కి సిరిమాను తిరిగే దారే అది, చిన్నప్పుడు నాన్న భుజాలమీద కూర్చుని చూసింది.