కళ్లు బాగానే ఉన్నాయి, రెప్పలే తెరుచుకోలేదు

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి. మంట లేదు, నొప్పి లేదు, నలుసూ పడలేదు. తెరుద్దామని ఎంత ప్రయత్నించినా రెప్పలు నా మాట వినలేదు, చివరికి వేళ్లతో పైకెత్తి పట్టుకుని సూది ఎక్కడుందో చూసుకున్నాను.

శ్రీకాకుళంలో మాది చిన్న టైలరింగ్ షాపు. అంతకు ఆరు నెలల ముందు నుంచే రెప్పలు ఎక్కువగా కొట్టుకునేవి, మిషన్ ముందు కూర్చోవడం వల్లనుకున్నాను. ఆ తర్వాత ఎండలోకి వస్తే చాలు కళ్లు మూతపడేవి, రోడ్డు దాటాలంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. మా అప్పకైతే కోపం కూడా వచ్చింది, "ఏటే, నాను మాటాడతంటే కళ్లు మూసేస్తన్నావు?" అని. రథసప్తమికి అమ్మ అరసవల్లి తీసుకెళ్లింది. కంటి జబ్బులు తగ్గాలని సూర్యనారాయణ స్వామికి మొక్కుకునేవాళ్లు మా వైపు ఎంతోమంది. నేనూ మనసారా మొక్కుకున్నాను, కానీ గుడి బయట ఆ వెలుగులో కళ్లు తెరవలేక అమ్మ భుజం పట్టుకునే నడిచాను.

ఒకచోట కళ్లు పొడిబారాయని చుక్కల మందు ఇచ్చారు, ఇంకోచోట అద్దాలు మార్చారు, మరోచోట టెన్షన్ అని మాత్రలు రాశారు. ఏడాదికి పైగా అలాగే గడిచింది. నన్ను బాగా బాధపెట్టింది ఆ టెన్షన్ అన్న మాటే, ఎందుకంటే డాక్టరు ముందు కూర్చుని మాట్లాడుతుంటే నా కళ్లు చక్కగా తెరుచుకునేవి! కూనిరాగం తీస్తున్నప్పుడూ అంతే, అందుకే షాపులో ఏదో ఒకటి పాడుకుంటూ కుట్టేదాన్ని. ఇదంతా నేను కావాలని చేస్తున్నానేమో అని ఇంట్లోవాళ్లకే అనుమానం వచ్చింది.

మా అప్ప కూతురు ఒకరోజు నాకు తెలియకుండా ఫోన్‌లో వీడియో తీసింది. అది పట్టుకుని విశాఖపట్నం వెళ్లాం. అక్కడ నరాల డాక్టరమ్మ వీడియో రెండుసార్లు చూసి, "మీ కళ్లకేం కాలేదమ్మా, ఇది బ్లెఫరోస్పాజం" అన్నారు. కంటి చుట్టూ ఉంగరంలా ఉండే కండరమే రెప్పను మూస్తుందట, మెదడు నుంచి దానికి అవసరం లేకుండానే మూసుకో, మూసుకో అని సంకేతాలు వెళ్తున్నాయట. పాడినా, మాట్లాడినా, కణత దగ్గర వేలు పెట్టుకున్నా కాసేపు తగ్గడం ఈ జబ్బులో మామూలేనని ఆవిడ అంటుంటే నాకు ఏడుపొచ్చింది. నేను నటించడం లేదని ఒక్కరైనా చెప్పారు కదా.

మందు పేరు బొటాక్స్ అనగానే మా ఆయన, "అది సినిమావాళ్లు ముడతలకి వేయించుకునేది కదండీ?" అన్నారు. ముడతలకి వాడకం తర్వాత వచ్చిందట. శాన్‌ఫ్రాన్సిస్కోలో అలన్ స్కాట్ అనే కంటి డాక్టరు మెల్లకన్ను సరిచేయడానికి దీన్ని మొదలుపెట్టారు, 1989లో అమెరికాలో మెల్లకన్నుకీ, నాలాంటి రెప్పల జబ్బుకీ అనుమతి వచ్చింది, కనుబొమల మధ్య ముడతలకి 2002లో. నిజానికి అది విషమే. పాడైన తిండిలో పెరిగే ఒక సూక్ష్మజీవి నుంచి తీస్తారు. ఆ విషం ఒంటికెక్కితే ప్రాణానికే ప్రమాదం, అదే కొలిచి లవలేశం కండరంలో వేస్తే, నరం నుంచి కండరానికి సంకేతం తీసుకెళ్లే ఎసిటైల్‌కోలిన్ విడుదల కాకుండా ఆపుతుంది. కండరం సడలుతుంది.

కండరాల బలహీనత జబ్బు ఏమైనా ఉందా, రక్తం పలుచనయ్యే మాత్రలు వాడుతున్నానా అని అడిగి, ఇన్సులిన్ సూదంత సన్నటి సూదితో కళ్ల చుట్టూ పది చోట్ల వేశారు, ఒక్కో చోట రెండున్నర యూనిట్లు. చురుక్కుమంది, అంతే. మూడు రోజులు ఏమీ తెలియలేదు, ఇదీ దండగే అనుకున్నాను. అయిదో రోజు పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తూ ఎండకేసి చూశానని, కళ్లు తెరిచే ఉన్నాయని, బట్టలన్నీ ఆరేశాక గానీ నాకు తట్టలేదు. గబగబా లోపలికెళ్లి అమ్మకి చెప్పాను.

అన్నిసార్లూ అలా జరగలేదు. రెండోసారి వేయించుకున్నాక ఎడమ రెప్ప కిందికి జారి మూడు వారాలు సగం మూసుకునే ఉంది, చాలా భయపడ్డాను. మందు రెప్పను ఎత్తే కండరానికి కాస్త పాకితే అలా అవుతుందని, అదే తగ్గుతుందని డాక్టరమ్మ ముందే చెప్పారు, తగ్గింది కూడా. రాత్రిళ్లు కళ్లు పొడిబారకుండా చుక్కలు ఇప్పటికీ వేసుకుంటున్నాను.

దీంతో జబ్బు పోదు. సుమారు మూడు నెలలకు నరం మళ్లీ పనిలో పడుతుంది, పదకొండో వారం నుంచే రెప్పలు టపటపలాడతాయి. మందు, ఫీజు, బస్సు ఛార్జీలు కలిపి ప్రతిసారీ పదివేలు దాటుతుంది, మాలాంటి వాళ్లకి అది పెద్ద మొత్తమే, ఆ డబ్బు ముందు నుంచే పక్కన పెట్టుకుంటాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా కళ్లు మూసుకుపోతుంటే దయచేసి ముందు వీడియో తీయండి, డాక్టరు ముందు అది కనిపించకపోవచ్చు.

శ్రావణమాసం పెళ్లిళ్లకి ఇప్పటికే ముప్పై జాకెట్లు ఒప్పుకున్నాను. కొలతల పుస్తకంలో ఆ ఆర్డర్ల పైన నా ఇంజెక్షన్ తేదీ రాసుకున్నాను. దానికి వారం తర్వాతే బట్టకి కత్తెర పెడతాను.