మూడు రూపాయల ఆలోచన

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకే నిద్ర పట్టక రాస్తున్నాను. కారణం మూడు రూపాయలు.

మా అత్తయ్యగారికి సీరియల్ కథలు కావాలి. కళ్లు లాగుతున్నాయని చదవడం మానేసి ఫోన్లో ఓ యాప్‌లో వింటున్నారు. సరిగ్గా కథలో పిల్ల ఇల్లు వదిలి వెళ్లే చోట ఆపేసి, తర్వాతి భాగానికి మూడు కాయిన్లు, అంటే తనలో వాడే డబ్బులు, అడుగుతుంది ఆ యాప్. "మూడు రూపాయలేగా, నొక్కెయ్యమ్మా" అంటారావిడ. నొక్కడానికెంత సేపు! కానీ నొక్కేముందు ప్రతిసారీ బుర్రలో ఓ పంచాయితీ. ఇందులోనైనా కథ కదులుతుందా, నిన్నటిలా వానతోనే సరిపెడతారా? కాయిన్లు విడిగా అమ్మరు, ప్యాక్ కొనాలి. చివర్లో మిగిలిన ఒకటీ రెండూ దేనికీ చాలవు. అవి వదులుకోలేక ఇంకో ప్యాక్. పొయ్యి మీద చారు పొంగుతుంటే నాకీ లెక్కలేంటి? ఒళ్లు మండేది అక్కడే.

నిక్ సాబో అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1999లోనే చెప్పాడీ మాట. డబ్బు పంపడానికయ్యే ఖర్చు ఎంత తగ్గినా, కొనాలా వద్దా అని తేల్చుకునే శ్రమ అలాగే ఉంటుందని, చిల్లర చెల్లింపులకి అసలు అడ్డు అదేనని. తర్వాత మనకి 2016లో యూపీఐ వచ్చింది. 2022లో యూపీఐ లైట్ వచ్చి చిన్న మొత్తాలకి పిన్ కొట్టే పని కూడా తీసేసింది. అయినా ఈ పంచాయితీ మాత్రం తీరలేదు.

అలాగని చిల్లరంతా బరువేం కాదు. నర్సాపురం రేవులో పంటు పడవ ఎక్కేటప్పుడు టిక్కెట్టుకి ఆలోచిస్తామా? సఖినేటిపల్లి వెళ్లాలంటే గోదారి దాటాలి, అంతే.

మరి కథలకి? పాలకొల్లులో అద్దె పుస్తకాల కొట్టు గుర్తొచ్చింది. పోపుల డబ్బాలో చిల్లర తీసి నా చేతిలో పెట్టేది అమ్మ. రోజుకింతని అద్దె. కొట్టాయన అట్ట చూసి "ఇది మీ అమ్మగారికి నచ్చదు, అదిగో అది పట్టుకెళ్లు" అనేవాడు.  రెండో రోజు అద్దె పడకూడదని అమ్మ అన్నాలయ్యాక కూర్చుంటే తెల్లారేదాకా చదివేది. పేజీల మధ్య ఎవరివో పసుపు వేళ్ల గుర్తులు. పొద్దున్నే కళ్లెర్రగా, ముఖం వెలిగిపోతూ కాఫీ కలిపేది. ఆ చిల్లర ఏనాడూ బరువనిపించలేదు.

ఇక్కడిదాకా రాసి ఆగాను. బరువనిపించనిది నాకు. అమ్మ లెక్క వేసుకునే ఉంటుంది, పాల డబ్బుల్లోంచి తీసిందే కదా. కాకపోతే పుస్తకానికి ఒక్కసారే తేల్చుకునేది, తర్వాత హాయిగా చదువుకునేది. ఈ యాప్ పది నిమిషాలకోసారి ఆపి అడుగుతోంది. అయితే నా కోపం చిల్లర మీద కాదన్నమాట, అన్నిసార్లు అడగడం మీద.

నెలకి కట్టేస్తే పోతుందిగా అంటారు మా ఆయన. అప్పుడు మేం విన్న కథ రాసినామెకి ఎంత చేరుతుందో తెలీదు. ఆమెకి డబ్బు అందాలి, అందులో నాకు రెండో మాట లేదు. మొదటి నాలుగు భాగాలూ ఊరికే వినిపించి, కథ మొత్తానికి ఒక ధర చెప్పమనండి, నలభై రూపాయలైనా ఇస్తాను. రేపు ఆ యాప్ వాళ్లకి ఇదే రాస్తున్నాను. మీలో వినేవాళ్లుంటే మీరూ రాయండి.