డిక్రీలో వడ్డీ వాక్యం ఉందా?

కాంట్రాక్టు బిల్లు కేసు గెలిచాక డిక్రీ (దావాలో కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు) కాపీలో అందరూ అసలు ఎంతో చూస్తారు. నన్నడిగితే ముందు వెతకాల్సింది వడ్డీ వాక్యం. డిక్రీ తేదీ నుంచి డబ్బు చేతికొచ్చే వరకు వడ్డీ ఇవ్వాలన్న మాట అందులో లేకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 34(2) ప్రకారం కోర్టు దాన్ని కాదన్నట్టే. అందుకోసం మళ్లీ వేరే దావా చెల్లదు, డిక్రీలో లేనిదాన్ని ఈపీలో (డిక్రీ అమలు కోసం వేసే పిటిషన్‌లో) రాబట్టడమూ కుదరదు.

కాబట్టి దావా వేసేటప్పుడే మూడు కాలాలకూ విడివిడిగా వడ్డీ అడగాలి: దావాకు ముందు, దావా నడిచినంతకాలం, డిక్రీ తర్వాత. మొదటిదాని మీద కోర్టు ఫీజు పడుతుందని వదిలేసేవాళ్లున్నారు, అది పెద్ద పొరపాటు. కాంట్రాక్టులో చెల్లింపు గడువు రాసి ఉంటే 1978 వడ్డీ చట్టం కింద ఆ గడువు నుంచే వడ్డీ అడగొచ్చు. గడువు లేకపోతే మాత్రం వడ్డీ అడుగుతున్నామని రాతపూర్వకంగా నోటీసిచ్చి, అందులో చెప్పిన తేదీ నుంచే. "బిల్లు త్వరగా పాస్ చేయండి" అని రాసిన ఉత్తరాలు ఎన్నున్నా ఇందుకు పనికిరావు. ఉత్తరంలో వడ్డీ అనే మాట ఉండాలి, అది అందినట్టు రుజువు దాచాలి.

3 లక్షలు, ఆపైన విలువున్న వాణిజ్య వివాదమైతే ప్లెయింట్‌లో (దావా పత్రంలో) రేటు, మొదలు తేదీ, ఎప్పటివరకు లెక్కకట్టారు, మొత్తం ఎంత, ఆ తర్వాత రోజుకు ఎంత అన్నవన్నీ రాయాలి. 10 లక్షలకు రూపాయి వడ్డీ, అంటే ఏడాదికి 12 శాతం అయితే, రోజుకు 328.77 రూపాయలు.

డిక్రీ తర్వాతి వడ్డీకి మామూలుగా 6 శాతమే పరిమితి. వాణిజ్య లావాదేవీ అయితే కాంట్రాక్టు రేటు వరకు, అది లేకపోతే జాతీయం చేసిన బ్యాంకుల వాణిజ్య అప్పు రేటు వరకు కోర్టు ఇవ్వొచ్చు. అందుకే ఆ బ్యాంకు రేటు కాగితం సాక్ష్యంలో పెట్టించాలి.

ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బదులు ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) తేల్చే వివాదంలో, తీరు వేరు. అవార్డు (ఆర్బిట్రేటర్ తీర్పు) వడ్డీ ఊసెత్తకపోయినా 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 31(7)(బి) కింద అవార్డు తేదీ నుంచి వడ్డీ నడుస్తుంది. అవార్డుకు ముందు కాలానికి మాత్రం, కాంట్రాక్టులో "వడ్డీ ఇవ్వబడదు" అని ఉంటే ఆర్బిట్రేటర్ చేతులు కట్టేసినట్టే. సంతకం పెట్టేముందు ఆ షరతు చూసుకోండి. సూక్ష్మ లేదా చిన్న సంస్థగా నమోదైన సరఫరాదారుకు 2006 ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) అభివృద్ధి చట్టం బలంగా ఉంది: సరుకు అంగీకరించిన రోజు నుంచి ఒప్పుకున్న గడువు ఎంతైనా 45 రోజులు దాటకూడదు, దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ.

ఇక ఎక్కువమంది నష్టపోయేది జమ దగ్గర. 10 లక్షల డిక్రీ, 12 శాతం సాధారణ వడ్డీ, మూడేళ్లకు 3,60,000 అయింది. అవతలివాళ్లు 10 లక్షలు కోర్టులో కట్టి అసలు తీరిందంటారు. ఒప్పుకోకండి. డిక్రీ వేరేలా చెప్పనప్పుడు కట్టింది ముందు వడ్డీకీ ఖర్చులకూ, మిగిలింది అసలుకూ జమ. ఖర్చులు పక్కనపెట్టినా, వడ్డీ పోగా 6,40,000 అసలుకు వెళ్తుంది. ఇంకా 3,60,000 అసలే మిగిలి, దానిమీద ఏటా 43,200 వడ్డీ నడుస్తుంది. ఈపీతో పెట్టే లెక్కల మెమోలో ఈ వరుసే ఉండాలి. డబ్బు కట్టినట్టు నోటీసు మీకు అందిన రోజు నుంచి ఆ కట్టిన మేరకు వడ్డీ ఆగిపోతుంది. ఆ తేదీ కూడా మెమోలో రాయించండి.